ఇరవై ఐదులో ఏడోది

పెట్టె తెరవంగనే ముందుగాల నాఫ్తలీన్ వాసన,
తర్వాత ఎర్ర మఖ్మలు,
దాని మీద పాలు తాగి పండుకున్న పసిపిల్లలెక్క
ఒత్తిగిలి తుపాకి.

ఆత్మకూరు బజార్ల మా దుకాణం.
పట్టగొలుసులకు మెరుగు, తెగిన పుస్తెలతాడుకు అతుకు,
ఇదే నా పని.
ఇసొంటి సామాను నా బల్ల మీదికి ఎన్నడు రాలేదు.
దొర మనుమడు మోసుకొచ్చిండు.
వెంట పట్నం నుంచి కుతుబుద్దీన్ సాబ్,
పాత తుపాకులకు ధర కట్టే మనిషి:
కండ్లకు ఒక అద్దం, జేబుల ఇంకొకటి.

"భయపడకక్కా, లైసెన్సుంది" అన్నడు మనుమడు.
"ఎన్నడన్న పేలిందా?"
"లేదు" అన్నడు, జరంత సిగ్గుపడ్డట్టు.
సాబ్ నవ్విండు: "అదే కదమ్మా దీని గొప్ప!"

దొర గద్దెనెక్కి పాతికేండ్లయిన పండుగకు
పాతిక చేయించిండ్రంట, చుట్టాలకు, దోస్తులకు.
తొట్టె మీద దొర ముద్ర, తెలుగుల, ఉర్దుల తారీఖు,
అటొకటి ఇటొకటి వెండి నెమళ్లు.
ఒకటి కృష్ణల మునిగిన ఊరితోని పోయింది.
రెండు ఠాణా కొట్టంల తుప్పు పట్టినయి.
ఒకడు అడివిపందుల మీద కాల్చి కాల్చి
దాని బతుకు ఆగం జేసిండు.
"ఒక్క తూటా పేలినా సగం ధర పాయె" అన్నడు సాబ్.
నేను నా సుత్తె దిక్కు చూసిన.
మా అవ్వ పట్టి, మా నాయిన పట్టి, నేను పట్టి
పిడి నడుమ బొటనవేలంత గుంత.
దీన్ని ఎవరు కొంటరు?

నెమలి కాలు లేచింది, తీగ పైకొచ్చింది.
"కూసోబెట్టు. మెరుగు మాత్రం పెట్టకు.
ఆ నలుపే డెబ్బై ఏండ్లు, ఆ నలుపుకే పైసలు."

దీపం దగ్గరికి గుంజి చూసిన.
మూడే వేళ్లు.
ముందుకు మూడున్నయి, వెనక వేలు లేదు.
రెండో దిక్కు తిప్పిన. దానికీ లేదు.

నా గుండె పట్టకారు పట్టినట్టయింది.

ఆరు నెలలు గడీల్నే పండిండంట మా తాత మోనాచారి.
పాతిక తుపాకులు, యాభై నెమళ్లు.
కూలి అడిగితే ఒక తలపాగ, రెండు బస్తాల జొన్నలు.
బయటికొచ్చినంక సూదిల దారం ఎక్కియ్యలేకపోయిండు.
కాలికొక వేలు ఎగ్గొట్టిండు,
వేలుకింత తీగ, నూరు వేళ్ల తీగ,
పంచె కొంగున ఎట్ల దాచిండో, ఎన్నిమార్లు దాచిండో.
అవ్వ చచ్చేటప్పుడు నా చెవుల చెప్పింది.
అప్పటిదాంక తాతను నేను
ఉత్త మంచోడే అనుకున్న.

"చెక్కినోని పేరు తెలిస్తే
ఇంకో లక్ష వస్తుండె" అన్నడు సాబ్, తనలో తను.
"మా తాత" అన్న. నోరు జారింది.
"కాయితం ఉందా?"

కాయితం ఎక్కడిది.
బల్ల మీద అవ్వ తమలపాకుల డబ్బ ఉంది,
సున్నం మరకలు, సొట్టలు,
మూత మీద వెండి నెమలి.
సాబే తీసుకున్నడు, జేబుల అద్దం తీసిండు,
తుపాకి చూసిండు, డబ్బ చూసిండు,
మళ్లీ తుపాకి చూసిండు.
తల అడ్డంగ ఊపిండు.
"పని మంచిదే. కానీ ఆ చెయ్యి కాదమ్మా.
దీనికి నాలుగు వేళ్లున్నయి."

"గంతే కావచ్చు సాబ్" అన్న.

తీగ కూసోబెట్టిన, చిన్న సుత్తెతోని, ఊపిరి బిగబట్టి.
అర తులం వెండి ఉంది నా సొరుగుల.
ఆ వేలు నేనే పెట్టొచ్చు.
పెట్టలేదు.

మనుమడు రసీదు అడిగిండు.
'నెమలి కాలు అతుకు, మూడు వందలు' అని రాసి
కింద మా ఇంటిపేరు
అడ్డం సరిపోక నిలువుగ రాసిన.
మడిచి మఖ్మలు కింద పెట్టుకున్నడు సాబ్,
పాత సామానుకు
ఏ కాయితమైనా మంచిదేనంట.

వాళ్ల జీపు మలుపు తిరిగినంక
డబ్బ తెరిచిన.
ఆకులు వాడిపోయినయి. అయినా ఒకటి నమిలిన.